వంటింటి బల్ల మీద తయారైన ఆట

"ఇక చాలు, ఆ గేమ్ ఆపి అన్నానికి రా!" మన ఇళ్ళలో రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కపెడితే మనకే నవ్వొస్తుంది. ఆ కేకలో కొంచెం విసుగు ఉంటుంది, కొంచెం భయం కూడా ఉంటుంది. గేమ్ అంటే మనకు తెలియని లోకం, పిల్లల్ని మన చెయ్యి విడిపించి లాక్కుపోయే లోకం అని మన మనసులో గట్టిగా పడిపోయింది. పైగా అది మగపిల్లల వ్యవహారమనీ, కంప్యూటర్ చదువులు చదివినవాళ్ళ వ్యవహారమనీ, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకు దాంతో ఏం పని అనీ ఒక అభిప్రాయం. మనం అనుకున్నా అనుకోకపోయినా చుట్టూ ఉన్నవాళ్ళు అనేస్తారు.

కానీ ఈ ఆటల చరిత్ర కాస్త తిరగేసి చూస్తే నాకు వేరే బొమ్మ కనిపించింది. ఇవాళ మన పిల్లలు ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటల్లో ఒక పెద్ద రకం ఉంది. ఏదో తెలియని చోటికి వెళ్ళాలి, తలుపులు తెరవాలి, దొరికిన వస్తువులు ఏరుకోవాలి, చిక్కుముళ్ళు విప్పుకుంటూ ముందుకు పోవాలి. వీటిని అడ్వెంచర్ గేమ్స్ అంటారు. ఈ రకం ఆటల మూలం వెతుక్కుంటూ వెళ్తే ఒక గుహ దగ్గరికి, విడిపోయిన ఒక సంసారం దగ్గరికి, ఇద్దరు చిన్న ఆడపిల్లల దగ్గరికి, చివరికి ఒక గృహిణి వంటింటి బల్ల దగ్గరికి చేరతాం. ఆ కథే ఇవాళ చెప్పాలనుకుంటున్నాను.

అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ మమ్మత్ కేవ్ అని ఓ పెద్ద గుహ. మన బొర్రా గుహలు, బెలుం గుహలు చూసినవాళ్ళకు భూమి కింద చీకటి, చల్లదనం, నీటి చుక్కలు పడే చప్పుడు ఎలా ఉంటాయో తెలుసు. మమ్మత్ కేవ్ వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇప్పటికి 420 మైళ్ళకు పైగా దారులు కొలిచారు, ప్రపంచంలో ఇంతకంటే పొడవైన గుహ ఇంకోటి తెలియదు. అయితే 1972 దాకా అది అంత పెద్దదని ఎవరికీ తెలియదు. పక్కనే ఫ్లింట్ రిడ్జ్ అనే కొండ కింద ఇంకో గుహల వరస ఉండేది. రెండూ లోపల ఎక్కడో కలుస్తాయని గుహలు తిరిగేవాళ్ళకు ఏళ్ళ తరబడి అనుమానం. ఆ దారి మాత్రం దొరకలేదు.

ఆ దారి దొరకడానికి కారణమైన వాళ్ళలో పాట్రీషియా క్రౌథర్ ఒకరు. అందరూ పాట్ అనేవాళ్ళు. ఆవిడ కంప్యూటర్ ప్రోగ్రామర్, ఇద్దరు ఆడపిల్లల తల్లి. సన్నటి మనిషి. 1972 వేసవిలో గుహలో ఒకచోట మిగతావాళ్ళెవరికీ పట్టని ఇరుకు సందు ఒకటి అడ్డం వచ్చింది. ఆవిడ అందులోంచి ఎలాగో దూరి అవతలికి వెళ్ళింది. అవతల దారి ఉంది. ఆ దారి పట్టుకునే అదే ఏడాది సెప్టెంబర్ 9న ఆరుగురు లోపలికి వెళ్ళారు. అయిదుగురు మగవాళ్ళు, ఆరోది పాట్. బురదలో పాకి, లోతు నీళ్ళలో నడిచి వెళ్తే చీకట్లో వాళ్ళకు ఎదురుగా కనిపించింది సందర్శకులు పట్టుకుని నడవడానికి కట్టిన ఇనుప కమ్మీ. అంటే వాళ్ళు మమ్మత్ కేవ్‌లోకి వచ్చేశారన్నమాట! రెండు గుహలూ ఒకటేనని తేలిపోయింది.

గుహలో తిరిగితే సరిపోదు, ఎక్కడ ఎంత దూరం, ఏ దిక్కు అని కొలిచి పటం గీయాలి. పాట్, ఆవిడ భర్త విల్ క్రౌథర్ కలిసి ఆ పని చేసేవాళ్ళు. విల్ కూడా ప్రోగ్రామరే, మసాచుసెట్స్‌లో బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో పనిచేసేవాడు. ఇవాళ మనం వాడే ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌ను 1969లో పనిచేయించిన చిన్న బృందంలో ఆయనొకడు. గుహలో కొలిచిన అంకెల్ని వాళ్ళు ఇంట్లోనే, హాల్లో పెట్టుకున్న టెలిటైప్ మెషీన్ మీద టైపు చేసి ఆఫీసు కంప్యూటర్‌కు పంపేవాళ్ళు. భార్యాభర్తలిద్దరూ పగలు ఉద్యోగాలు, పిల్లలు, సెలవుల్లో గుహలు, ఇంటికొచ్చాక పటాలు. ఇద్దరికీ ఒకటే సరదా ఉన్న సంసారం.

ఆ సంసారం నిలవలేదు. 1970ల మధ్యలో ఇద్దరూ విడిపోయారు. ఎవరి తప్పు, ఏం జరిగింది అన్నది మనకు అనవసరం. విల్ తర్వాత చెప్పుకున్నదాన్నిబట్టి, అప్పుడాయన మనసు మనసులో లేదు. ముఖ్యంగా కూతుళ్ళ మీద బెంగ. గుహలకు వెళ్ళడం కూడా మానేశాడు, అక్కడంతా పాత పరిచయాలే కదా. అప్పుడు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. 1975, 76 నాటి మాట ఇది. తాను తిరిగిన గుహనే కంప్యూటర్‌లో మళ్ళీ కట్టాడు. అందులో కాసిని నిధులు, గొడ్డలి విసిరే ఒక మరుగుజ్జు, ఒక మంత్రం మాట పెట్టాడు. స్నేహితులతో కలిసి ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కాగితం ఆట నుంచి కొంత ఊహ తెచ్చుకున్నాడు. పిల్లలు తన దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళు ఆడుకోవడానికని దాన్ని చేశాడు.

ఈ ఆటలో బొమ్మలు లేవు, రంగులు లేవు, చప్పుళ్ళు లేవు. ఒట్టి మాటలే. మీరు ఒక రోడ్డు చివర ఉన్నారు, ఎదురుగా చిన్న ఇటుక ఇల్లు, పక్కనే వాగు అన్నట్టుగా కంప్యూటర్ చెప్తుంది. మనం ఒకటి రెండు మాటల్లో జవాబు టైపు చేయాలి. 'దీపం తీసుకో', 'కిందికి దిగు', 'ఉత్తరానికి వెళ్ళు'. అలా చెప్పగానే తర్వాతి చోటు ఎలా ఉందో అది చెప్తుంది. కంప్యూటర్ అంటే తెలియనివాళ్ళు కూడా బెదరకుండా ఆడాలన్నది ఆయన పట్టుదల. అందుకే మామూలు మాటలు పెట్టాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే అద్దాల గదిలో ఉండే పెద్ద యంత్రం, దాంతో మాట్లాడాలంటే దాని భాష నేర్చుకోవాలి. ఒక తండ్రి తన చిన్నపిల్లలకోసం దాని చేత మనుషుల మాటలు పలికించాడు. పిల్లలకు ఆ ఆట బాగా నచ్చిందట.

మనవైపు చూస్తే ఇదేమీ వింత కాదు. మన అమ్మమ్మలు చీకటి పడ్డాక అరుగు మీద కూర్చుని కథ చెప్పేటప్పుడు మధ్యలో ఆగి, "అక్కడ మూడు దారులున్నాయి, రాజకుమారుడు ఏ దారిన పోయాడంటావ్?" అని అడిగేవాళ్ళు కాదూ? మనం ఏదో చెప్పేవాళ్ళం, కథ అటు తిరిగేది. విల్ చేసింది కూడా అదే. కథ చెప్పే మనిషి ఎప్పుడూ పక్కన ఉండలేని పరిస్థితి వచ్చింది కాబట్టి యంత్రం చేత చెప్పించాడు.

ఆట అక్కడితో ఆగిపోయి ఉంటే మనదాకా వచ్చేది కాదు. ఆయన దాన్ని కంప్యూటర్‌లో వదిలేశాడు. నెట్‌వర్క్ ద్వారా అది ఊళ్ళు దాటింది. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థి కంట పడింది. దీన్ని ఇంకా పెంచుతాను, అనుమతి ఇవ్వమని అడగాలనుకున్నాడు. రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు, పేరు మాత్రం తెలుసు. ఏం చేశాడో చూడండి. నెట్‌వర్క్‌లో అప్పుడున్న కంప్యూటర్లన్నింటికీ క్రౌథర్ పేరుమీద ఉత్తరం పంపాడు! ఊరు పేరు తెలియని బంధువుకు ప్రతి ఊరి పోస్టాఫీసుకూ ఒక కార్డు రాసినట్టు. ఉత్తరం చేరింది, అనుమతి వచ్చింది. 1977కల్లా వుడ్స్ ఆటను బాగా పెంచాడు, మరిన్ని నిధులు పెట్టాడు, అన్నీ సాధిస్తే 350 మార్కులు అని లెక్క పెట్టాడు. కొలోసల్ కేవ్ అడ్వెంచర్ అన్న పేరుతో అది కంప్యూటర్లున్న ప్రతిచోటికీ పాకింది. అది ఏ ఆఫీసుకు వస్తే అక్కడ రెండు వారాలపాటు పని ఆగిపోయేదని అప్పట్లో ఒక జోకు. "పని మానేసి గేములేంటి" అన్న తిట్టు మన పిల్లలతో మొదలవలేదు, గమనించండి. దాన్ని మొదట తిన్నది పెద్ద పెద్ద ఇంజనీర్లే.

ఇప్పుడు కథ కాలిఫోర్నియాలోనే సిమీ వ్యాలీ అనే ఊరికి వెళ్తుంది. 1979. రాబర్టా విలియమ్స్‌కు ఇరవై ఆరేళ్ళు. పంతొమ్మిదో ఏట పెళ్ళయింది, ఆరేళ్ళ కొడుకు, ఇంకో చంటిబిడ్డ. భర్త కెన్ ప్రోగ్రామర్. పనికోసం ఒక టెర్మినల్ ఇంటికి తెచ్చి ఫోన్ లైన్ ద్వారా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్‌కు కలిపాడు. అందులో ఈ గుహ ఆట కనిపించింది. చూడమని రాబర్టాను పిలిచాడు. కాసేపు చూసి ఆయన తన పనిలో పడిపోయాడు, ఆవిడ మాత్రం అక్కడ్నుంచి లేవలేదు.

చంటిబిడ్డ తల్లికి రోజు ఎలా గడుస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాలు, బట్టలు, నిద్రపుచ్చడం, మళ్ళీ పాలు. బయటి మనిషి మొహం చూసి రోజులవుతాయి. ఒక ఆలోచన మొదలుపెడితే పూర్తికాకుండానే బిడ్డ లేస్తుంది. అలాంటి రోజుల్లో ఆవిడకు ఆ గుహ దొరికింది. ఎటు వెళ్ళాలో తానే నిర్ణయించుకునే చోటు. ఒక చిక్కు పట్టుకుని పని చేసుకుంటూనే బుర్రలో తిప్పుకోవచ్చు, రాత్రి మళ్ళీ కూర్చుని ప్రయత్నించవచ్చు. అలా ఆట చివరిదాకా వెళ్ళింది. అయిపోయాక ఇలాంటివి ఇంకేమున్నాయని వెతికింది. ఉన్నవి కొన్నే, అవి కూడా ఆవిడకు ఆనలేదు. ఇక నేనే ఒకటి చేస్తానని కూర్చుంది.

ఎక్కడ కూర్చుంది? వంటింటి బల్ల దగ్గర. కాగితాలు పరుచుకుని దాదాపు మూడు వారాలు రాసింది, గీసింది. ఒక పాత బంగళా, అందులో దాచిన నగలు, ఒక్కొక్కరుగా హత్యకు గురయ్యే అతిథులు, హంతకుడెవరో కనిపెట్టాలి. ఆవిడకు అగాథా క్రిస్టీ నవలలంటే ఇష్టం. ఏ గది నుంచి ఏ గదికి తలుపు, ఏ వస్తువు ఎక్కడ, ఏది ముందు దొరికితే ఏది తర్వాత తెరుచుకుంటుంది... అంతా లెక్క. మనం పెళ్ళి వంటకు సరుకుల జాబితా రాస్తే ఏది ముందు తడపాలి, ఏది ఎప్పుడు రుబ్బాలి, ఎవరికి ఏ పని అప్పజెప్పాలి అని ఒకదానికొకటి ముడి వేసుకుంటూ రాస్తాం కదా, బుర్ర పనిచేసే తీరు అలాంటిదే.

భర్తకు మొదట్లో ఇది పట్టలేదు. ఆయన వేరే వ్యాపారపు ప్రోగ్రాం ఏదో రాసి డబ్బు సంపాదించాలనే ఆలోచనలో ఉన్నాడు. ఆవిడ ఆయన్ని హోటల్లో భోజనానికి తీసుకెళ్ళి, కుదురుగా కూర్చోబెట్టి, కథంతా చెప్పింది. ఇంట్లో చెప్తే పిల్లల గోలలో సగమే చెవిన పడుతుందని ఆవిడకూ తెలిసే ఉంటుంది. వింటూ వింటూ ఆయన కదిలాడు. అయితే ఆవిడ ఇంకో మాట అంది: ఒట్టి మాటలు చాలవు, బొమ్మలు కూడా ఉండాలి. అప్పటిదాకా అడ్వెంచర్ ఆటల్లో బొమ్మలు లేవు. చిన్న ఆపిల్ కంప్యూటర్‌లో అన్ని బొమ్మలు పట్టవు. కెన్ రాత్రిళ్ళు కూర్చుని, బొమ్మను బొమ్మగా దాచకుండా గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఆ అంకెలు మాత్రమే దాచే ఉపాయం పట్టాడు. అలా 70 బొమ్మలు పట్టించాడు. బొమ్మలు రాబర్టాయే గీసింది. చిన్నపిల్లలు గీసినట్టు వంకరటింకర గీతలే, రంగు కూడా లేదు. అయినా తెరమీద ఇల్లు కనిపించడం అదే మొదలు.

1980 మేలో మిస్టరీ హౌస్ అన్న పేరుతో ఆ ఆట అమ్మకానికి వచ్చింది. పెట్టె కూడా లేదు. డిస్కు, ఒక కాగితం, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి 24 డాలర్ల 95 సెంట్లకు అమ్మారు. మనం ఫ్రిజ్‌లో కరివేపాకు దాచుకునే లాంటి సంచి! పది వేలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి, అప్పటికి అది చాలా పెద్ద లెక్క. ఆటలో ఎక్కడో చిక్కుకుపోయినవాళ్ళు దారి చెప్పమని ఫోన్లు చేసేవాళ్ళు. తర్వాత తర్వాత కంపెనీ ఏకంగా సూచనల పుస్తకాలే వేసి అమ్మింది. ఇవాళ మన పిల్లలు "ఈ లెవెల్ ఎలా దాటాలి" అని ఎవరెవరినో అడిగి తెలుసుకుంటున్నారు చూడండి, ఆ అడగడం అప్పటి నుంచీ ఉంది. తెలియనిది అడగడం, తెలిసింది చెప్పడం, ఆటలో సగం సంతోషం అదే.

వాళ్ళ సంస్థ పెరిగి సియెరా ఆన్‌లైన్ అయింది. 1984లో రాబర్టా కింగ్స్ క్వెస్ట్ అనే ఆట చేసింది. అందులో బొమ్మ మనిషి తెరమీద నడుస్తాడు, చెట్టు వెనక్కి వెళ్తాడు, ముందుకు వస్తాడు. చిన్నప్పుడు చదివిన జానపద కథల లోకం అది. 1987లో మరీ చిన్నపిల్లలకోసం మదర్ గూస్ పాటలతో ఒక ఆట చేసింది. 1988లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ నాలుగో భాగంలో నాయకుడికి బదులు నాయికను పెట్టింది. రాజు జబ్బుపడి మంచాన పడతాడు, ఆయన్ని బతికించే పండుకోసం కూతురు రోసెల్లా బయల్దేరుతుంది. ఒక తండ్రి కూతుళ్ళ మీద బెంగతో చేసిన గుహ ఆటతో ఈ కథ మొదలైందని గుర్తుందిగా. ఆ గుహలో దారులు వెతికి పైకొచ్చిన ఒక తల్లి, పన్నెండేళ్ళకు, తండ్రిని కాపాడే కూతురి ఆట చేసింది. ఆవిడ అలా ముడిపెట్టి చేసిందని నేననడం లేదు. కానీ ఇది చదివినప్పుడు నాకు మనసు ఆర్ద్రమైంది.

అదే కాలంలో జపాన్‌లో కూడా ఒకాయన ఆడవాళ్ళ గురించి ఆలోచించాడు. 1980లో పాక్‌మాన్ తయారుచేసిన తోరు ఇవాతాని. అప్పట్లో ఆటల దుకాణాల నిండా కాల్చడం, పేల్చడమే, అక్కడికి మగపిల్లలు తప్ప ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. అమ్మాయిలూ, జంటలూ కూడా వచ్చి ఆడుకోవాలని ఆయన తిండి చుట్టూ తిరిగే ఆట చేశాడు. నోరు తెరుచుకుని చుక్కలు తినే ఆ పసుపుపచ్చ గుండ్రటి బొమ్మ మనలో చాలామందికి తెలిసిందే.

ఇంతకీ ఈ కథంతా ఎందుకు చెప్పాను? నాకు దీంట్లో మూడు విషయాలు పట్టుకున్నాయి.

మొదటిది పాట్ క్రౌథర్ పేరు. గేమ్‌ల చరిత్ర చెప్పేవాళ్ళు విల్ పేరు చెప్తారు, వుడ్స్ పేరు చెప్తారు. పాట్ పేరు వస్తే "ఆయన మాజీ భార్య" అన్నంతవరకే చాలాచోట్ల. నిజానికి ఆ ఆటలోని గుహ ఊహించి కట్టింది కాదు. డెన్నిస్ జెర్జ్ అనే ఆచార్యుడు విల్ రాసిన అసలు ప్రోగ్రాం దొరికాక దాన్ని తీసుకుని నిజం గుహలోకే వెళ్ళి పోల్చి చూసి 2007లో వ్యాసం రాశాడు. ఆటలోని చోట్లు చాలావరకు అక్కడ నిజంగా ఉన్నాయి. ఆ గుహలను తిరిగి, కొలిచి, పటాలు గీసిన జంటలో సగం పాట్. ఎవరికీ పట్టని సందులో దూరిన మనిషి ఆవిడ. ఇంట్లో మనం చేసే పనులు కూడా చాలా ఇలాగే కదా? పునాదిలో ఉంటాయి, పేరులో ఉండవు. కనీసం మనం చెప్పుకునేటప్పుడైనా ఆవిడ పేరు పూర్తిగా చెప్పుకుందాం.

రెండోది, ఆడే తల్లిని చూసే చూపు. ఇంటి పని ఉండగా ఆడది కూర్చుని ఆడుకుంటే మన దగ్గర ఎంత మాట అంటారో తెలుసు. మా అత్తయ్యగారు డెబ్భై ఏళ్ళు దాటినా చింతగింజలు, గుంటల పీట ముందేసుకుంటే మనవరాలితో సమానంగా వామనగుంటలు ఆడతారు. గింజలు పంచే వేగం చూస్తే నా కళ్ళు తిరుగుతాయి, ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో చూడకుండా చెప్తారు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు మధ్యాహ్నం పూట ఆడుకుంటే "పనీపాటా లేదా" అని దెప్పేవాళ్ళట, తలుపు దగ్గరకేసి ఆడేవాళ్ళట. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకనిపిస్తుంది, రాబర్టా భర్త ఆ రోజు "ఆ టెర్మినల్ ముందునుంచి లేచి పిల్లల్ని చూడు" అని అన్నట్టయితే, బొమ్మల ఆటలు ఇంకెవరో ఇంకెప్పుడో చేసి ఉండేవాళ్ళు. ఆవిడ పేరు మాత్రం ఉండేది కాదు.

మూడోది పిల్లల సంగతి. ఆటలన్నీ మంచివేనని నేను చెప్పబోవడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఎన్ని కొంపలు ముంచాయో మన రెండు రాష్ట్రాల్లో పేపర్లు చదివేవాళ్ళకు తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అవి పేకాట అన్నదమ్ములు, పేరు మాత్రం గేమ్. అలాగే ఎన్ని గంటలు ఆడినా అంతులేకుండా, ఆపితే ఏదో పోతుందని భయపెట్టి కూర్చోబెట్టే ఆటలూ ఉన్నాయి. గుహ ఆటకు చివర అనేది ఉంది, గెలిస్తే అయిపోయింది. ఈ తేడా మనం తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే దూరంనుంచి కేకలేస్తే కుదరదు, పక్కన కూర్చోవాలి.

పక్కన కూర్చుంటే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్‌లో చాలా ఇళ్ళు చూశాయి. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు తెనాలిలో ఉన్న అత్తయ్యగారితో ప్రతి ఆదివారం ఫోన్‌లో లూడో ఆడేది. ఇక్కడ పొద్దున, అక్కడ శనివారం రాత్రి. మామూలుగా ఫోన్ చేస్తే "తిన్నావా, ఏం వండావ్" దగ్గర మాటలు అయిపోయేవి. ఆట మొదలయ్యాక గంట దాటినా ఆగేవి కావు. "నా కాయను చంపేశావే" అని అత్తయ్యగారు నిజంగానే అలిగేవాళ్ళు, ఆ అలక మధ్యలోనే మనవడికి జ్వరం వచ్చిన సంగతి, ఉద్యోగం పోతుందేమోనన్న భయం బయటికి వచ్చేవి. మీకు తెలుసో లేదో, లూడో మన పచ్చీసుకు బిడ్డే. ఇంగ్లీషువాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో గవ్వలు తీసేసి పాచిక పెట్టి ఆ పేరుతో అమ్ముకున్నారు. మన వైకుంఠపాళి కూడా అలాగే అక్కడికి వెళ్ళి స్నేక్స్ అండ్ లాడర్స్ అయి తిరిగొచ్చింది. పేరు మారి, బట్టలు మారి వచ్చినా ఇంటి పిల్ల ఇంటి పిల్లే కాబట్టి, అత్తయ్యగారికి ఫోన్‌లో కూడా అది ఒక్క పూటలో పట్టుబడింది.

విల్, రాబర్టా కథల్లో నాకు గట్టిగా కనిపించేది కూడా ఇదే. ఆట మనుషుల మధ్య గోడ కట్టగలదు, అదే ఆట మాట్లాడుకోవడానికి ఒక సాకు కూడా కాగలదు. ఎదురెదురుగా కూర్చుని "నిన్నేం బాధిస్తోంది చెప్పు" అంటే పదిహేనేళ్ళ పిల్లాడు నోరు విప్పడు. పక్కన కూర్చుని "ఈ తలుపు ఎలా తెరుచుకుంటుందిరా?" అంటే పది నిమిషాలు ఆగకుండా చెప్తాడు. చెప్తూ చెప్తూ మధ్యలో బడి సంగతి ఒకటి జారవిడుస్తాడు. అది మనం పట్టుకోవాలి.

ఆ పాత గుహ ఆటకు ఒక కొసరు ఉంది. కరోనా కాలంలో ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు, ఆటల రంగం వదిలేసి ఇరవై ఏళ్ళు దాటిన రాబర్టా, కెన్ మళ్ళీ పనిలో దిగారు. ఏ ఆట చేశారనుకున్నారు? తాను చంటిబిడ్డ తల్లిగా ఉన్నప్పుడు తొలిసారి ఆడిన ఆ కొలోసల్ కేవ్‌నే, ఈసారి పూర్తి బొమ్మలతో. 2023 జనవరిలో అది విడుదలైంది. అప్పటికి ఆవిడకు డెబ్భై ఏళ్ళు నిండబోతున్నాయి.

ఈ వారం మీ పిల్లలు ఏదైనా ఆడుతుంటే ఒక్కసారి ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఇందులో నువ్వెవరు? ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? ఇది ఎప్పటికి అయిపోతుంది? మొదటి రెండింటికీ జవాబు హుషారుగా వస్తే, ఆ ఆటలో కథ ఉందని అర్థం, కాసేపు మీరూ కూర్చోండి. మూడోదానికి "ఇది అయిపోదమ్మా" అని జవాబొస్తే, ఎంతసేపు ఆడాలో ఇద్దరూ కలిసి అక్కడే మాట్లాడుకోండి. అన్నం ఒక పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు, చారు మళ్ళీ వేడిచేసుకోవచ్చు.